తాడు తెంపిన చెయ్యి

ఎల్లారెడ్డి, 12 జనవరి 1989

ఇవాళ కరీం బావ మిషన్ తాడు తెంపాను. మామూలు తాడు కాదు, సన్నటి ఇనుప తీగలు పేనిన తాడు. భూమయ్య పటేల్ కళ్ళారా చూశాడు.

13 జనవరి, శుక్రవారం

తెంపాను అంటే, కొంచెం వివరంగా రాసుకోవాలి. ఉర్దూలో రాస్తే రఫియా చదివేస్తుంది. తెలుగైతే మా ఆవిడకు అక్షరం రాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

కరీం బావ మా అక్క భర్త. దోహాలో వాళ్ళ కంపెనీ క్యాంపులో కసరత్తు మిషన్ పాతబడిందని పారేస్తుంటే అడిగి తీసుకున్నాడు. ఓడలో బొంబాయికి, అక్కడి నుంచి లారీలో మా ఇంటికి పంపించాడు. కామారెడ్డిలో సొంత ఇల్లు లేచేదాకా అది మా ముందర గదిలో ఉండాలని హుకుం. బీరువా అంత ఇనుప చట్రం. వెనకాల ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పలకలు, వాటికి రంధ్రాలు. పిన్ను ఏ రంధ్రంలో గుచ్చితే దాని పైనున్న పలకలన్నీ లేస్తాయి. పైనుంచి వేలాడే కడ్డీ పట్టుకొని కిందికి లాగితే, తాడు రెండు గిరకల మీదుగా పోయి ఆ పలకలను లేపుతుంది. నేను రోజూ పొద్దున పై నుంచి మూడో రంధ్రంలో పెట్టి లాగుతాను. అంతకంటే ఎక్కువ నాకు అవసరం లేదు. నాది గాజుల దుకాణం.

అమ్మీ కూడా లాగుతుంది. పోయిన వానాకాలంలో ఆమె కుడి భుజం బిగుసుకుపోయింది. తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. గిరకకు తాడు వేసి రోజూ సాగదియ్యమని డాక్టరు చెప్పాడు. గిరకలు ఇంట్లోనే ఉన్నాయి కదా! అయితే అమ్మీ పద్ధతి వేరు. పిన్ను అడుగు రంధ్రంలో గుచ్చుతుంది. అప్పుడు పలకలు కదలవు, కడ్డీ కదలదు. ఆ కడ్డీ పట్టుకొని మెల్లగా మోకాళ్ళు వంచి వేలాడుతుంది. ఈ పద్ధతితోనే చెయ్యి లేచి, వంటింట్లో నాకు కూడా అందని పై అరలో ఉన్న బెల్లం డబ్బా తనే దించుకునేదాకా వచ్చింది. అమ్మీ నిండు మనిషి. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనరు.

నిన్న మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి తాడు రెండు ముక్కలై వేలాడుతోంది. కడ్డీ ఒక మూల పడి ఉంది. అమ్మీ నేల మీద కాళ్ళు చాపుకొని కూర్చొని కొంగు సర్దుకుంటోంది. రఫియా నల్లా దగ్గర ఉంది. ఏమైందో అడగాల్సిన పని లేదు. సరిగ్గా అప్పుడే భూమయ్య పటేల్, తన బిడ్డ పెండ్లి గాజుల కోసం, ఇంటికే వచ్చాడు. తాడు చూశాడు, పిన్ను ఎక్కడుందో చూశాడు. ఆయనకు కుస్తీల పిచ్చి, జాతర కమిటీలో పెద్ద.

"గీ ఇనుప తాడు ఎవరు తెంపిండ్రు?" అన్నాడు.

అత్త బరువుకు అల్లుడి మిషన్ తెగిందని ఊరంతా తెలిస్తే అమ్మీకి ఎంత చిన్నతనం! కన్నకొడుకుగా ఆలోచించి, "నేనే" అన్నాను.

అమ్మీ కింద నుంచి నా వైపు చూసింది. "వాడే. వద్దంటే వినడు" అంది.

భూమయ్య పటేల్ నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వెళ్ళాడు.

16 జనవరి

ఊరంతా పాకింది. ఛాయ్ హోటల్లో నాకు కుర్చీ వేశారు. మొదటిసారి.

18 జనవరి

మంగవ్వ వచ్చింది, మనవరాలి పెండ్లికి గాజులు కావాలని. ఆమె పెండ్లికి మా అబ్బాజాన్ గాజులు తొడిగాడట, ఆమె కూతురి పెండ్లికి నేను తొడిగాను. ఇవాళ చెయ్యి చాపబోయి కొంగు కిందికి లాక్కుంది.

"ఏమైంది మంగవ్వా?"

"నీకు చెయ్యి ఇయ్య. ఇనుప తాడు తెంపినవట. నా బొక్కలు నాకు గావాలె."

"నెమ్మదిగనే తొడుగుత గద."

"నువ్వు నెమ్మదనుకుంటవ్ బిడ్డ. బలమున్నోనికి బలం తెల్వది."

రెండు డజన్లు కాగితంలో కట్టించుకొని ఇంటికి పోయి తనే తొడుక్కుంటానంది. సగం పగులుతాయని చెప్పినా వినలేదు. బేరం దెబ్బతిన్నదని నాకు బాధ కలగాలి. కలగలేదు. నా చెయ్యి చూసి భయపడ్డ మొదటి మనిషి మంగవ్వ. సాయంత్రం దుకాణం మూసేటప్పుడు ఆ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

20 జనవరి

అమ్మీ అడిగింది, "తాడు ఏమన్న చూసినవా బేటా?"

నేనేం చూడటం లేదా! పక్కింటి బావి చేదతాడు తెచ్చాను. లావుగా ఉండి గిరక గాడిలో కూర్చోలేదు. సైకిల్ బ్రేకు తీగ తెచ్చాను. అది గిరక దాకా కూడా పోలేదు. బట్టలారేసే ప్లాస్టిక్ తాడు కట్టాను. బాగానే పట్టింది. అమ్మీ వేలాడితే తాడు సాగుతూ సాగుతూ కడ్డీ ఒళ్ళోకి వచ్చింది. "గిది గూడ మంచిగనే ఉన్నది" అని నవ్వింది.

21 జనవరి

ప్లాస్టిక్ తాడు ముడి జారింది. కడ్డీ వచ్చి అమ్మీ నొప్పి భుజానికే తగిలింది. రఫియా పసుపు వేడిచేసి పట్టు వేసింది. అమ్మీ ఏడవలేదు. "నొప్పేం లేదు తీ" అంది, మిషన్ వైపు చూడకుండా.

మంచి ఇనుప తాడే తేవాలి. కామారెడ్డి పోవాలి. తప్పకుండా పోతాను.

25 జనవరి

భూమయ్య పటేల్ నా పేరు రాసుకొని పోయాడు. బిచ్కుంద దగ్గర జాతరలో కుస్తీలు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడెం కుస్తీతో ముగుస్తాయి. కొబ్బరికాయ కుస్తీకి కొబ్బరికాయే బహుమతి, ఉత్త మర్యాద, ముసలివాళ్ళూ పడతారు. కడెం కుస్తీకి మాత్రం మద్నూర్ నుంచి ఒక పహిల్వాన్ వస్తాడు. మూడేండ్లుగా కడెం అతనిదే.

"ఈసారి కడెం ఎల్లారెడ్డి దాటద్దు లతీఫ్."

నాకు కుస్తీ రాదని చెప్పాను.

"తెంపినోనికి వచ్చుడేంది, రాకపోవుడేంది? పట్టుకో, వంచు, అయిపాయె."

పోతూ పోతూ, "ఆ తెగిన తాడు గట్లనే ఉంచు. బాగు చేయించకు. జాతరదాక జనం చూసిపోతరు" అన్నాడు. తెగిన కొసకు దిష్టి తగలకుండా నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. సాయంత్రానికి అమ్మీ ఎడమ చేత్తో నిమ్మకాయ విప్పుకొని పప్పులో పిండింది. రేపు ఇంకొకటి కట్టాలి.

29 జనవరి

మహమ్మద్‌నగర్ నుంచి బస్సులో మనుషులు వచ్చారు, తాడు చూడటానికి. చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి వచ్చారు. రఫియా అందరికీ ఛాయ్ పెట్టి, నాతో వంటింట్లో అంది, "రేపటి నుంచి చక్కెర వాండ్లనే తెచ్చుకొమ్మనుండ్రి."

1 ఫిబ్రవరి

అమ్మీ బెల్లం డబ్బా పై అర నుంచి నడిమి అరలోకి దిగింది.

2 ఫిబ్రవరి

కామారెడ్డి పోయి వచ్చాను. తాడు దొరకలేదు.

3 ఫిబ్రవరి, శుక్రవారం

దొరకలేదు అంటే, దొరికింది. బోరు మోటర్ల సామాను అమ్మే దుకాణంలో దొరికింది. నేను కొలతకు నా పద్ధతిలో పోయాను. గిరకకు సరిపోయే గాజు ఒకటి పట్టుకుపోయాను, పొడవుకు గాజుల సరం కట్టే దారం. తాడు ఎంత లావు కావాలని అడిగితే నాలుగు మట్టిగాజులు కలిపి పట్టి చూపించాను. దుకాణం షావుకారు గాజులను చూసి, నన్ను చూసి, "మోటరు పెండ్లికి పోతున్నదా?" అన్నాడు. కానీ తాడు మాత్రం సరిగ్గా అదే వచ్చింది. కొసలు బిగించడానికి రెండు క్లిప్పులు కూడా ఇచ్చాడు.

తాడు ఇప్పుడు దుకాణంలో, ఎర్రగాజుల డబ్బాల వెనక ఉంది. జాతర కాగానే బిగిస్తాను. ఈలోగా బిగిస్తే భూమయ్య పటేల్ నొచ్చుకుంటాడు. జనం బస్సు ఛార్జీలు పెట్టుకొని వస్తున్నారు. పైగా కొత్త తాడు చూస్తే, ఇది కూడా తెంపి చూపించమంటారు. అమ్మీకి భుజం దెబ్బ తగ్గాలి కదా, ఎలాగూ ఇప్పుడే లాగకూడదు. అన్ని విధాలా ఆగడమే మంచిది.

రఫియా అడిగింది. దొరకలేదన్నాను.

6 ఫిబ్రవరి

ఛాతీ కొలుచుకున్నాను. అంతే ఉంది. ఊపిరి పీల్చి మళ్ళీ కొలిచాను. మంచిగా ఉంది.

8 ఫిబ్రవరి

ఒక ఆలోచన. నిజంగా ఎవరు తెంపారు? అమ్మీ వేలాడినప్పుడు తెగింది, సరే. కానీ రోజూ లాగి లాగి ఆ తీగలను వదులు చేసింది ఎవరు? నేను. ముప్పావు వంతు నేనే తెంపి పెట్టాను. అమ్మీది చివరి చెయ్యి మాత్రమే. ఇది ఇంతకుముందే తట్టి ఉంటే మనసు ఇంత పీకేది కాదు.

11 ఫిబ్రవరి

బెల్లం డబ్బా కింది అరలో ఉంది. చీమలు పట్టాయి.

14 ఫిబ్రవరి

ఇవాళ అమ్మీ జుట్టు కత్తిరించుకుంది.

రఫియా రోజూ దువ్వుతానంటుంది, అమ్మీ వద్దంటుంది. ఒకరి చేత తల దువ్వించుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ ఇష్టం లేదు. ఇవాళ మధ్యాహ్నం రఫియా వాళ్ళ అక్క దగ్గరికి పోయి వచ్చేలోగా బట్టలు కుట్టే కత్తెర ఎడమ చేత్తో పట్టుకొని మెడ దాకా కోసేసుకుంది. ఒక వైపు పొడుగు, ఒక వైపు పొట్టి. నేను ఇంటికి వచ్చేసరికి రోజుల తరబడి దువ్వని జడ అలాగే, ముడి కూడా విప్పకుండా, చాప మీద ఉంది.

"ఏంది అమ్మీ ఇది?"

"పిచ్చోడా, ఎండకాలం వస్తున్నది గద. తేలికగ ఉంటది."

దుకాణానికి తిరిగి పోయి గడియ వేసుకొని కూర్చున్నాను. ఎర్రగాజుల డబ్బాల వెనక తాడు చుట్ట కనబడుతూనే ఉంది. దాన్ని అక్కడ పెట్టిన చెయ్యి నాదే. నేను మంచి కొడుకును కాను. ఈ మాట ఏ భాషలో రాసినా ఒకటే.

17 ఫిబ్రవరి, శుక్రవారం

నమాజు నుంచి రాగానే తాడు బిగించాను.

మొదట క్లిప్పు గిరకకు ఇవతల బిగించాను. లాగితే క్లిప్పు వచ్చి గిరకలో ఇరుక్కుంది. మళ్ళీ విప్పి, తాడును రెండు గిరకల మీదుగా తీసి, ఒక కొసను పలకల మీది కొక్కేనికి, ఇంకొక కొసను కడ్డీ దగ్గర మెలి తిప్పి బిగించాను. రఫియా స్టూలు పట్టుకుంది, వంటనూనె అందించింది.

"తాడు ఎప్పుడు దొరికింది?" అంది.

"మొన్న."

"ఏ మొన్న?"

నేను క్లిప్పు ఇంకొంచెం బిగించాను. ఆమె స్టూలు ఒక్కసారి కదిలించింది.

ముందుగా నేనే అడుగు రంధ్రంలో పిన్ను పెట్టి వేలాడాను. తెగలేదు. రఫియాను కూడా పట్టుకొమ్మని ఇద్దరం వేలాడాము. తెగలేదు. అప్పుడు అమ్మీని పిలిచాను. ఆమె చాలాసేపు కడ్డీ వైపు చూసింది. ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి కడ్డీ మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకొని కొంచెమే మోకాళ్ళు వంచింది.

"గట్టిగనే ఉన్నది," అంది.

18 ఫిబ్రవరి

భూమయ్య పటేల్ జీపు నిండా మనుషులతో వచ్చాడు. కొత్త తాడు చూసి ముఖం మాడ్చుకున్నాడు.

నేను గట్టిగా ఊపిరి తీసుకొని చెప్పేశాను. "పటేలా, పాత తాడు తెంపింది నేను గాదు. అమ్మీ వేలాడితే తెగింది. నాది మూడో రంధ్రమే."

భూమయ్య పటేల్ పక్కవాళ్ళతో, "చూసిండ్రా? ఎంత బలముంటే అంత అణకువ" అన్నాడు.

"అణకువ గాదు పటేలా. నిజం."

"భయపడుతున్నవా మరి? భయపడి తల్లి మీద పెడుతున్నవా?"

అప్పుడు అమ్మీ వంటింట్లోంచి వచ్చింది. భూమయ్య పటేల్‌ను ఆమె ఆయన చిన్నప్పటి నుంచి చూస్తోంది. "వాడు అబద్ధం చెప్పుతలేడు భూమయ్యా. నేనే తెంపిన. అల్లుని ముంగట పరువు పోతదని ఊకున్న" అంది. కత్తిరించిన జుట్టు మీద కొంగు సర్దుకొని, అందరూ చూస్తుండగా కడ్డీ పట్టుకుంది. వేలాడింది. తన బరువంతా వేసింది. ఇంత పెద్ద మనిషి నా కోసం అంతమంది ముందు అలా వేలాడుతుంటే నాకు ఏడుపు వచ్చింది.

తాడు తెగలేదు. నా బిగింపు అంత బాగా కుదిరింది.

"తెగిందా?" అన్నాడు భూమయ్య పటేల్. "తెగలే. అంటే నువ్వు తెంపలే అవ్వా. వాడే తెంపిండు."

నేను అడుగు రంధ్రంలో పిన్ను పెట్టి లాగి చూపించాను. పలకలు కదలలేదు. మూడో రంధ్రంలో లాగి చూపించాను. నటిస్తున్నానన్నారు. ఎర్రబడ్డ నా ముఖం చూసి, నటన కూడా బాగా వచ్చన్నారు. కడెం కుస్తీ ఖాయం చేసి, ఛాయ్ తాగి వెళ్ళిపోయారు.

అబద్ధం చెప్పడానికి ఒక్క మాట పట్టింది. అమ్మీ, నేను ఇద్దరం కలిసి కూడా నిజం చెప్పలేకపోయాము.

20 ఫిబ్రవరి

అమ్మీ పొద్దున, సాయంత్రం వేలాడుతోంది. నేను పక్కనే నిలబడుతున్నాను. మూడో రంధ్రం మానేశాను, సమయం లేదు.

1 మార్చి

డబ్బా నడిమి అరకు ఎక్కింది. నేను ఎక్కించలేదు, రఫియా కూడా ఎక్కించలేదు.

7 మార్చి

మద్నూర్ పహిల్వాన్ రోజూ ఎన్ని గుడ్లు తింటాడో ఎవరో చెప్పిపోయారు. రాయను. రాస్తే నిద్ర పట్టదు.

12 మార్చి

రేపే జాతర. రఫియా నా లంగోటీకి రెండు వరసలు కుట్టు వేసింది. "చినిగితె పరువు పోతది" అంది. మిగిలిన సంగతుల గురించి ఆమెకు ఆశ ఉన్నట్టు లేదు.

13 మార్చి

ఓడిపోయాను.

ఓడిపోయాను అంటే, ఎవరి చేతిలో అన్నది రాసుకోవాలి.

కుస్తీలకు ముందు జోడీలు కడతారు. ఎవరికి ఎవరో అందరి ముందు చేతులు కలిపి ఖాయం చేసుకోవాలి. మైకులో నా పేరు చెప్పారు, "ఇనుప తాడు తెంపిన ఎల్లారెడ్డి లతీఫ్ పహిల్వాన్" అని. మద్నూర్ పహిల్వాన్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అతని వెనక జాతర కనబడలేదు. అతని ముఖంలో కూడా కొంచెం బెదురుంది, నేను చూశాను. అతను కూడా తాడు సంగతి విన్నాడు కదా. చెయ్యి చాపాడు. నేను నా చెయ్యి ఇచ్చాను.

నేను ఇరవై ఏండ్లుగా ఆడవాళ్ళ చేతులకు, పగలకుండా, నొవ్వకుండా గాజులు ఎక్కిస్తున్నవాడిని. నా అరచెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలుసు. అతనికి కూడా వెంటనే తెలిసిపోయింది. ఒకసారి నొక్కి చూశాడు, మళ్ళీ మెల్లగా నొక్కి చూశాడు. బెదురు పోయి ముఖం విప్పారింది.

"హా హాత్ నాహీ, లోణీ ఆహే!" అని మరాఠీలో అరిచాడు. ఇది చెయ్యి కాదు, వెన్న అని. నా చెయ్యి పైకెత్తి చుట్టూ ఉన్నవాళ్ళందరి చేత ఒక్కొక్కరితో నొక్కించాడు. భూమయ్య పటేల్ చివర నొక్కాడు. చాలాసేపు పట్టుకొని ఉన్నాడు.

"నిజమే చెప్పినవ్ గదరా," అన్నాడు మెల్లగా.

"చెప్పిన గద పటేలా."

"మైకుల పేరు పిలిచినం. ఇప్పుడు కుస్తీ లేదంటె ఎల్లారెడ్డి పరువేం గావాలె?"

కమిటీ వాళ్ళు గుంపుగా నిలబడి చర్చించి నన్ను కొబ్బరికాయ కుస్తీలో వేశారు. ఆ కుస్తీ ప్రతి ఏడూ ముత్తయ్యది. ఒకప్పటి పెద్ద పహిల్వాన్, ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తాడు. కర్ర ఒకరి చేతికిచ్చి బరిలోకి వచ్చాడు. డప్పులు మోగాయి. నేను జాగ్రత్తగా, ముసలాయనకు దెబ్బ తగలకూడదని నడుము మీద చెయ్యి వేశాను. తరువాత ఆకాశం కనబడింది. వీపు కింద మన్ను మెత్తగా ఉంది.

ముత్తయ్యే లేపి మన్ను దులిపాడు. కొబ్బరికాయ ఇస్తే తీసుకొని నా చేతిలో పెట్టాడు.

"నాకు పండ్లు లెవ్వు బిడ్డ. నువ్వు తిను. మీ అమ్మకు గూడ పెట్టు."

పటేల్ జీపులోనే తిరిగి వచ్చాము. ఎల్లారెడ్డిలో దిగేసరికి ఛాయ్ హోటల్ వాళ్ళు అప్పుడే నాకు పేరు పెట్టారు, కొబ్బరికాయ పహిల్వాన్ అని. కుర్చీ వెయ్యలేదు. మంగవ్వ మాత్రం దారిలో ఆపి రెండు చేతులూ చాపింది. "రేపు దుకాణం తియ్యి బిడ్డ. ఆ గాజులు తొడుక్కుంటుంటెనే పగిలినయి" అంది. నేను ఆ రెండు చేతులూ చూసి నిలబడిపోయాను. చాలా సంతోషమనిపించింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మీ దువ్వెన పట్టుకొని కూర్చుంది. కుడి చెయ్యి నెత్తి మీద ఉంది.

"దువ్వనీకి ఏమున్నదని అమ్మీ?" అన్నాను.

"పెరుగుతది గద." నా వీపు మీది మన్ను చూసింది. గెలిచావా అని అడగలేదు. "దెబ్బ తగిలిందా?" అంది.

తగలలేదని చెప్పి కొబ్బరికాయ ఇచ్చాను. దాన్ని చెవి దగ్గర ఊపి నీళ్ళున్నాయా అని విన్నది. వంటింట్లోకి తీసుకుపోయింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఎడమ చేత్తో గోడ పట్టుకొని, కుడి చేత్తో కొబ్బరికాయను ఎత్తింది. నడిమి అర దాటింది. ఆగలేదు. పై అరలో, బెల్లం డబ్బా పక్కన పెట్టింది. డబ్బా ఎప్పుడు అక్కడికి ఎక్కిందో నాకు తెలియదు, నేను రెండు రోజులుగా కుస్తీ భయంలో ఉన్నాను.

రఫియా ఇప్పుడు కొబ్బరి, బెల్లం కలిపి మీఠా చేస్తానంటోంది, దించిమ్మంటోంది. నాకు ఆ అర అందదు. అమ్మీ కునుకు తీస్తోంది, లేచాక అడగాలి.